మాకు వీలుపడదు

ముందు బిస్కెట్లు పెట్టి, తర్వాత మాట మొదలుపెట్టేవాళ్ళంటే నాకు పడదు. ఆ కళ్ళద్దాలమ్మాయి ప్లేటు నా వైపు జరిపినప్పుడే అనుకున్నాను, ఇందులో ఏదో ఉందని.

నా ఉద్యోగం అలాంటిది. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాను. పంతొమ్మిదేళ్ళుగా మొహం చూసి టికెట్ ఉందో లేదో చెప్పడమే నా పని. ఉన్నవాడు విసుక్కుంటాడు, లేనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. మరీ మర్యాదగా నవ్వాడంటే ఇక లేనట్టే లెక్క. "నువ్వు బస్సెక్కితే దేవుడు కూడా రెండుసార్లు జేబు తడుముకుంటాడు" అంటాడు మా ఆయన. లిఫ్టులు బాగుచేసే మనిషి, నోటికి మాత్రం బ్రేకులుండవు.

ఆ అమ్మాయి మరీ మర్యాదగా నవ్వుతోంది.

వానలు అప్పుడే మొదలయ్యాయి. నేనూ మా చెల్లీ తడిసిన గొడుగులు తలుపు దగ్గర ఆనించి, రెండో అంతస్తులో ఒక తెల్లటి గదిలో కూర్చున్నాం. ఆటిజం ఉన్నవాళ్ళు ఉద్యోగాలు వెతుక్కోవడానికి వాళ్ళొక యాప్ తయారుచేస్తున్నారట. అంతా అయ్యాక చూపించడం కాదు, తయారవుతుండగానే ఆటిజం ఉన్నవాళ్ళ చేతికిచ్చి తప్పులు పట్టించాలని వాళ్ళ ఉద్దేశం. కళ్ళద్దాలమ్మాయి ఆ యాప్‌కి డిజైనరు. మా చెల్లికి ముప్పై ఒకటి. ఆటిజం ఉంది. తప్పులు పట్టడంలో దాన్ని కొట్టేవాళ్ళు లేరు, మా ఆయన దాన్ని 'ఆడిటరు గారూ' అనే పిలుస్తాడు. తప్పులు పట్టేవాళ్ళు కావాలన్న ప్రకటన అదే చూసుకుంది, అదే పేరిచ్చుకుంది. "గురువారం పదకొండింటికి వెళ్ళాలి" అని మాత్రం నాకు చెప్పింది. నేను సెలవు పెట్టి వెంటబడ్డాను.

"ఇందులో మీకేంటి లాభం?" అని అడిగేశాను.

"ఉద్యోగాలిచ్చే కంపెనీలు మాకు ఫీజు కడతాయి మేడం. వెతుక్కునేవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోం."

"అంటే మమ్మల్ని కంపెనీలకి అమ్ముతారన్నమాట."

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. చెల్లి చేతిలోని ట్యాబ్ మీంచి తల ఎత్తకుండానే, "అమ్మరు అక్కా. మనుషుల్ని అమ్మడం నేరం" అంది.

నా అనుమానం ఊరికే పుట్టలేదు. రెండేళ్ళ కిందట ఒక పెద్ద బట్టల షాపు దాన్ని పనిలోకి తీసుకుంది. ముట్టుకుంటే దానికి పడదని చెప్పినా వినకుండా, మొదటిరోజే యజమాని దాని భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. మూడు నెలలు వెనకగదిలో హ్యాంగర్లు సర్దించి, 'సెట్ అవ్వట్లేదు' అని పంపేశాడు. ఫోటో మాత్రం షాపు గోడకి అలాగే ఉంది. ఆ తర్వాత ఇంట్లో ఉద్యోగం అన్న మాట ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తనివ్వలేదు.

ట్యాబ్‌లో మొదటి ప్రశ్న: 'మీ గురించి చెప్పండి.' కింద ఖాళీ పెట్టె. చెల్లి పది నిమిషాలు దాన్ని అలా చూస్తూ కూర్చుంది.

"ఏమైందండీ?" అంది కళ్ళద్దాలమ్మాయి.

"నా గురించి చాలా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో లేదు. ఎక్కడ ఆపాలో లేదు."

"మరి ఎలా అడిగితే బాగుంటుంది?"

"మీకేం కావాలో అది అడిగితే బాగుంటుంది. ఏ శబ్దాలు పడవని అడగండి. ఏవి పడతాయో కూడా అడగండి. అందరూ పడనివే అడుగుతారు."

ఆ అమ్మాయి గబగబా రాసుకుంది. తర్వాత తెరలో కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ వచ్చింది. "ఇది నొక్కితే ఎవరైనా వచ్చి నా చెయ్యి పట్టుకుంటారా?" అంది చెల్లి. నాకు నవ్వాగలేదు. కళ్ళద్దాలమ్మాయి నవ్వలేదు, ఆ బొమ్మని అక్కడికక్కడే కొట్టేసింది. అది చూసి కూడా, మా ముందు కొట్టేసి వెనక మళ్ళీ పెట్టుకుంటారేమో అనుకున్నాను.

చివర్లో నాకొక మాట చెప్పింది. "ఇంట్లోవాళ్ళు తోడుండటానికి సహాయకుల ఖాతా అని ఒకటి పెట్టాం మేడం. వచ్చే మెసేజ్‌లు మీ ఫోన్‌కీ వస్తాయి. కావాలంటే వాళ్ళ తరఫున మీరే జవాబు రాయొచ్చు."

ఆ రోజు మొత్తానికి నాకు నచ్చిన మాట అదొక్కటే. వెంటనే నా నంబరిచ్చాను.

ఆ వానాకాలం గురువారాలన్నీ అలా గడిచాయి. చెల్లి ఒక నోటుపుస్తకం పెట్టింది, పట్టిన ప్రతి తప్పుకీ ఒక నంబరు. పేజీ తెరుచుకునేదాకా గుండ్రంగా తిరిగే చక్రం చూస్తే కడుపులో తిప్పుతోందని ఏడో తప్పు. 'ఉత్సాహవంతులు కావాలి' అంటే ఎంత ఉత్సాహమో చెప్పాలని పన్నెండోది. "'త్వరలో జవాబు వస్తుంది' అని రాశారు. త్వరలో అనేది తేదీ కాదు" అన్నది పంతొమ్మిదోది. దాంతో ప్రతి దరఖాస్తు పక్కనా జవాబు ఏ తేదీలోగా వస్తుందో వెయ్యడం మొదలుపెట్టారు. చెప్పిన ప్రతిదీ మరుసటి గురువారానికి దిద్ది ఉండేది. ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది చెప్పండి? వాళ్ళు బాగా చేసినకొద్దీ నా అనుమానం పెరిగిందే గానీ తగ్గలేదు.

ఆరో వారం నుంచి యాప్‌లో నిజం ఉద్యోగాలు పెట్టారు. అయిదే అయిదు. నాలుగోది చూడగానే చెల్లి లేచి, తలుపు నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా నడవడం మొదలుపెట్టింది. బాగా సంతోషం వేస్తే అలా నడుస్తుంది.

మందుల డబ్బాల్లో మడతలు పెట్టి పెడతారే చిన్నక్షరాల కాగితాలు, అవి అచ్చువేసే ప్రెస్సు అది. అచ్చుకి వెళ్ళేముందు తప్పులు చూసే మనిషి కావాలట. మా చెల్లి తలనొప్పి మాత్ర వేసుకోవాలన్నా ఆ కాగితం రెండువైపులా చదివిగానీ వేసుకోదు. ఒకసారి ఒకే కాగితంలో ఒకచోట 'భోజనానికి ముందు' అనీ ఇంకోచోట 'భోజనం తర్వాత' అనీ ఉంటే, ఆ మాత్ర మింగనూ లేదు, నన్ను మింగనివ్వనూ లేదు. 

"బావా, ఇది వస్తే నువ్విక నన్ను ఆడిటరు అనకూడదు. ప్రూఫ్ రీడరు అనాలి" అంది మా ఆయనతో.

"తప్పకుండా ప్రూఫ్ రీడరు గారూ."

"ఇంకా రాలేదు."

"సరే ఆడిటరు గారూ."

అది పకపకా నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో నేను లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. అంత ఎత్తుకెళ్ళిన మనిషి కింద పడితే పట్టుకోవాల్సింది నేనేగా.

చెల్లి పెట్టిన దరఖాస్తు పక్కన, జవాబుకి పద్దెనిమిదో తేదీ అని పడింది. నేను ఊరుకోలేకపోయాను. పదమూడో తేదీన, మధ్యాహ్నం డ్యూటీ విరామంలో, యూనిఫాం మీదే ఆ ప్రెస్సు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇరుకు వీధి, వానకి రంగు వెలిసిన బోర్డు, లోపలికి పొడుగాటి వసారా. వసారా గోడకి పెద్ద ఫ్రేము కట్టిన ఫోటో. వరసగా నిలబడి నవ్వుతున్న మనుషులు. ఎక్కడికి పోయినా గోడకి వీళ్ళకో ఫోటో కావాలి. సిరా మరకల ఏప్రన్ కట్టుకున్న ఒకాయన లోపల్నుంచి వచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. "ఏం లేదు, వేరే అడ్రసు" అని వెనక్కి తిరిగి వచ్చేశాను.

పదిహేనో తేదీ మధ్యాహ్నం బస్సులో ఉండగా నా ఫోన్ మోగింది. ప్రెస్సు నుంచి మెసేజ్. 'మంగళవారం ఉదయం పదింటికి రండి. ఇంటర్వ్యూ ఉండదు. మూడు గంటలు కూర్చుని రెండు కాగితాలు చదివి చూపిస్తే చాలు. మీరు కూర్చునే గదిలో ఇంకెవరూ ఉండరు.'

ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగమిచ్చేవాడెవడు? ఇంకెవరూ లేని గది ఎందుకు? నాకు ఆ హ్యాంగర్ల గది కళ్ళముందు కదిలింది. చెల్లి ఆ యాప్‌ని రోజుకొక్కసారి, సాయంత్రం ఆరింటికి తెరుస్తుంది. ఆరు కావడానికి ఇంకా నాలుగు గంటలున్నాయి. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో టైపు చేశాను: 'మాకు వీలుపడదు.' ముగిస్తే మెసేజ్‌లన్నీ పోతాయి, దరఖాస్తు ముగించాలా అని యాప్ అడిగింది. అవును నొక్కాను. ఫోన్ జేబులో పెట్టి, "టికెట్ చూపించండి" అని ముందు సీటాయన్ని అడిగాను.

సాయంత్రం ఆరు దాటి అయిదు నిమిషాలకి చెల్లి వంటింట్లోకి వచ్చింది.

"ముగిసింది అని ఉంది."

"ఏది?"

"ప్రెస్సు. ఇంకా మూడు రోజులు టైముంది. అయినా ముగిసింది అని ఉంది. ఇంకేం లేదు."

"నేను చెప్పానా? అందరూ ఒకటే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు.

అది ఏడవలేదు, అరవలేదు. తన దరఖాస్తు ప్రింటు తీసుకుని, స్కేలు పెట్టి ఒక్కో వరసా చదవడం మొదలుపెట్టింది. మర్నాడూ చదివింది. ఆ మర్నాడూ చదివింది. నాలుగోరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కూడా అదే కుర్చీ, అదే కాగితం. "తప్పు ఎక్కడుందో దొరకట్లేదు అక్కా" అంది. "పదకొండుసార్లు చూశాను. నేను చూడలేని తప్పేదో ఉంది."

అప్పుడు చెప్పేసి ఉండాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెప్తే అది నన్ను ఎలా చూస్తుందోనన్న భయం నా నోరు నొక్కేసింది. పైగా నాలో ఒక మొండిది కూర్చుని, నువ్వు కాపాడావు, నువ్వు కాపాడావు అంటూనే ఉంది.

"ఆ డిజైనరమ్మాయికి ఫోన్ చేసి కనుక్కోరాదూ?" అన్నాడు మా ఆయన.

"కనుక్కున్నా వాళ్ళు నిజం చెప్తారా?"

"చెప్పరని నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు!"

గొంతు కాస్త పెద్దదైంది. ఆయన చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, నేను బస్సులో జనాన్ని చూసే చూపు నామీదే పెట్టాడు.

గురువారం వచ్చింది. అది వెళ్ళనంటుందేమోనని లోలోపల ఆశపడ్డాను. పదింటికల్లా తయారై గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నేనూ వెళ్ళక తప్పలేదు.

చెల్లి కళ్ళద్దాలమ్మాయికి ఎదురుగా కూర్చుని తన నోటుపుస్తకం తెరిచింది.

"నలభై ఒకటో తప్పు. 'ముగిసింది' అని రాశారు. ఎవరు ముగించారో రాయలేదు. ఆ మాటకి కర్త లేదు." అంది చెల్లి. "కర్త లేకపోతే చదివేవాళ్ళకి ఎవరిమీదైనా అనుమానం వస్తుంది. నాకు నామీద వచ్చింది."

ఆ అమ్మాయి కళ్ళద్దాలు సర్దుకుని, "ఒక్క నిమిషం, రికార్డు చూస్తాను" అని లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. చదువుతూ చదువుతూ నుదురు ముడివేసింది. "ప్రెస్సువాళ్ళు మిమ్మల్ని రమ్మన్నారండీ. మంగళవారం పదింటికి. మీరే కదా వద్దన్నారు? 'మాకు వీలుపడదు' అని జవాబుంది."

"నేను 'మాకు' అని రాయను" అంది చెల్లి. "నేను ఒక్కదాన్నే."

కళ్ళద్దాలమ్మాయి చూపు నామీద పడింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. వాన బాగా కురుస్తోంది.

చెల్లి నా వైపు తిరగలేదు. పుస్తకంలో కొత్త గీత గీసి, నంబరు వేసి, రాస్తూనే చదివింది. "నలభై రెండో తప్పు. సహాయకులు జవాబిచ్చేటప్పుడు, వెతుక్కునే మనిషిని యాప్ అడగట్లేదు. జవాబిచ్చారని తర్వాతైనా చెప్పట్లేదు."

"నిజమేనండీ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "అది మేం చూసుకోవాల్సింది. మా తప్పే."

నేనిక ఆగలేకపోయాను. "మీది కాదమ్మా, నాది. నేనే రాశాను. చెల్లీ, అది నా తప్పు, అలాగే రాసుకో."

"నువ్వు యాప్‌లో భాగం కాదు అక్కా" అంది. "నీ తప్పు ఇందులో రాయడానికి లేదు."

నాకు తల తీసేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. పంతొమ్మిదేళ్ళలో నేను బస్సులోంచి దింపేసిన మనుషులు తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత తగల్లేదు.

ఇంటికి వెళ్ళేదారిలో రెండు గొడుగుల కింద ఇద్దరం నడిచాం. మూలమలుపు దగ్గర అదే ఆగింది.

"నువ్వు ఆ ప్రెస్సు చూశావా?"

"చూశాను."

"లోపల ట్యూబులైట్లా, బల్బులా?"

"చూడలేదే."

"మిషన్ల చప్పుడు చదివే గదిలోకి వస్తుందా?"

"తెలీదు. నేను వసారాలోంచే వచ్చేశాను."

"మరి ఏం చూశావు?"

"గోడకి ఫోటో ఉంది. మనుషులు వరసగా నిలబడి..."

"ఎవరు వాళ్ళు? పనిచేసేవాళ్ళా?"

ఆ మొహాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు. ఆ ఏప్రన్ ఆయన అందులో ఉన్నాడో లేడో కూడా చూడలేదు.

"అయితే నువ్వు చూడలేదు" అంది. "వెళ్ళొచ్చావు, అంతే."

"నాకు భయమేసింది చెల్లీ. మళ్ళీ ఆ షాపులో లాగా నిన్ను..."

"నాకూ భయమేసింది. అయినా దరఖాస్తు చేశాను కదా." 

ముందుకి నడిచింది. నేను గొడుగు మూసేశానని ఇల్లు చేరేదాకా నాకే తెలీలేదు. తల మీంచి నీళ్ళు కారుతుంటే మా ఆయన టవలు తెచ్చి ఇచ్చాడు. సంగతంతా చెప్పేశాను. "నేను అనుకుంటూనే ఉన్నాను" అన్నాడు. "నేను అడిగి ఉండాల్సింది" అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం ఆరింటికి చెల్లి ప్రెస్సుకి తనే రాసింది. 'వీలుపడదు అని రాసింది నేను కాదు. నాకు వీలుపడుతుంది. ఖాళీ ఇంకా ఉంటే చెప్పండి.' చదివి వినిపించింది. బాగుందా అని మాత్రం నన్ను అడగలేదు. ఆ వారంలోనే సహాయకుల ఖాతా మారిపోయింది. ఇప్పుడు నాకు మెసేజ్‌లు కనబడతాయి గానీ, కింద జవాబు రాసే చోటు లేదు.

శనివారం పొద్దున నా ఫోన్ మోగింది. కొత్త నంబరు. వెనక మిషన్ల రొద.

"ప్రెస్సు నుంచమ్మా. ఫోన్ చెయ్యొద్దని ఆ యాప్‌లో రాసుందట, కానీ అందులో ఎక్కడ నొక్కాలో నాకు చేతకాదు. మీ చెల్లెలు రాసింది మావాళ్ళు చదివి వినిపించారు. ఇంకొకర్ని కూడా పిలిచాం. వాళ్ళు మంగళవారం వస్తారు. మీ చెల్లెలు సోమవారం పదింటికి వస్తే ముందు తననే చూస్తాను. వస్తుందా?"

వస్తుందండీ, ఎందుకు రాదు, నేను దగ్గరుండి తీసుకొస్తాను. ఇవన్నీ ఒక్కసారిగా గొంతులోకి తోసుకొచ్చాయి. నోరు గట్టిగా మూసుకుని, ఫోన్ చేత్తో కప్పి చెల్లి వైపు తిరిగాను. అది ఫోన్‌లో మాట్లాడదు, గొంతు మాత్రమే వినబడే మనుషులతో దానికి కుదరదు. ఆయన అన్నది అన్నట్టుగా చెప్పాను.

అది గోడమీది క్యాలెండరు చూసింది.

"సోమవారం కుదరదు. కొత్తచోటికి వెళ్ళేముందు ఒకసారి దారి చూసుకోవాలి. పనిరోజున, అదే టైముకి చూడాలి. సోమవారం దారి చూస్తాను. మంగళవారం వస్తాను."

"మంగళవారం ఆ ఇంకొకరు వస్తారే" అన్నాను, ఆగలేక.

"తెలుసు. నువ్వు చెప్పావుగా."

ఒక్క మాట మార్చి చెప్తే చాలు, సోమవారం దాన్ని ఎలాగోలా బయల్దేరదీయొచ్చు. దారి నేను చూపిస్తానుగా. ఉద్యోగం పోతే మళ్ళీ ఆ కాగితం, ఆ స్కేలు, ఆ కుర్చీ.

చెయ్యి తీసి, "'సోమవారం దారి చూసుకుంటాను, మంగళవారం వస్తాను' అంటోందండీ" అన్నాను.

అవతల మిషన్ల రొద ఒక్కటే వినబడింది.

"దారి చూసుకోవడానికి ఒక రోజా?" అన్నాడు చివరికి.

"అవునండీ."

"సరే అయితే. ఇద్దర్నీ మంగళవారమే కూర్చోబెడతాను. తనని పదింటికి రమ్మనండి."

ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని అప్పుడే నాలో పురుగు తొలిచింది. గది ఎలా ఉంటుంది, గోడమీద ఆ ఫోటో ఎవరిది, ఒంటరిగా ఎందుకు కూర్చోబెడతారు, అడగాల్సినవి వరసగా లేచి నిలబడ్డాయి.

"ఇంకేమైనా చెప్పాలామ్మా?" అన్నాడు.

చెల్లి నన్నే చూస్తోంది.

"లేదండీ" అన్నాను. "తను చెప్పాల్సింది చెప్పేసింది."